రేపు రా

నా చిన్నతనంలో మా ఊళ్లో చాలా ఇళ్ల తలుపుల పక్కన బొగ్గుతోనో సుద్దతోనో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసి ఉండేది. రాత్రిపూట తలుపు తట్టే దయ్యం ఆ రాతను చదివి, సరే రేపు వద్దామనుకొని వెనక్కి పోతుందని, మరునాడు వచ్చి మళ్లీ అదే రాత చదివి మళ్లీ వెనక్కి పోతుందని పెద్దవాళ్లు చెప్పేవారు. రావద్దు అనకుండా, ఎన్నటికీ లోపలికి రానివ్వకుండా చేసే ఆ ఉపాయాన్ని కనిపెట్టినవాడెవడో గాని, వాడు తప్పకుండా ఏదో ఒక కచేరీలో గుమాస్తాగా పనిచేసి ఉంటాడని ఇప్పుడు నాకు అనిపిస్తుంది.

నా మందుల దుకాణం కాజీపేట జంక్షనుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ఢిల్లీ నుంచి చెన్నైకి పోయే దారిలోంచి సికింద్రాబాదు దారి చీలే చోటు కాబట్టి, ఇక్కడ బండి దిగే పిల్లల్లో మంచిర్యాల, ఆసిఫాబాదు వాళ్లతో పాటు బల్లార్షా మీదుగా వచ్చే బీహారు, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ వాళ్లు కూడా ఉంటారు. పద్నాలుగేళ్లుగా రాత్రి తొమ్మిది దాటి ఇళ్లున్న గిరాకీ పల్చబడ్డాక నా కౌంటరు ముందుకు వచ్చేది వీళ్లే. రైళ్లలో నీళ్ల సీసాలు అమ్మేవాళ్లు, ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్ పనికి పోయి అక్కడి వంటశాలలోనే పడుకునేవాళ్లు, మిర్చి సీజనులో ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసి సీజను అయిపోగానే ఎటు పోతారో తెలియనివాళ్లు, చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్లు, మగపిల్లవాడిగా పుట్టి ఆడపిల్లగా బతకాలనుకున్నందుకు ఇంట్లోంచి గెంటించుకున్నవాళ్లు, అనాథల వసతి గృహంలో పెరిగి పద్దెనిమిదో ఏట బయటపడ్డవాళ్లు. చివరివాళ్లకు 21 ఏళ్లు వచ్చేదాకా తోడ్పాటు అందించవచ్చని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతున్నది గాని, ఆ సంగతి తెలిసిన కుర్రాడు ఒక్కడు కూడా ఇంతవరకు నాకు ఎదురుపడలేదు.

2011 జనగణన ప్రకారం దేశంలో ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షల మంది. ఆ లెక్క 2011 ఫిబ్రవరి 28 రాత్రి ఆరుబయట పడుకున్నవాళ్లను చూసి వేసింది. ఆ రాత్రి ఏ పెళ్లి వంటశాలలోనో, నడుస్తున్న రైలు మరుగుదొడ్డి పక్కనో పడుకున్న కుర్రాడు అందులో ఉండే అవకాశం లేదు కాబట్టి, నేను చెప్పబోయేవాళ్లలో సగం మంది ఏ లెక్కలోనూ లేరని అనుకొని చదవండి.

ఈ పిల్లల లైంగిక ఆరోగ్యం గురించి మాట వస్తే మన దగ్గర వెంటనే వినిపించే మాట ‘అవగాహన లేదు’. వరంగల్‌లో ఏ వేదిక మీద ఎవరు మాట్లాడినా, డిసెంబరు ఒకటో తారీకు ఎయిడ్స్ దినాన ఎవరు ర్యాలీ తీసినా ఇదే మాట. నా అనుభవం దానికి పూర్తిగా ఎదురుగా ఉంది. నిరోధ్ ఎందుకో ఈ పిల్లలకు తెలుసు. సూది వల్ల ఎయిడ్స్ వస్తుందని తెలుసు. నెల తప్పితే ఏ పట్టీ కొనాలో, డెబ్బై రెండు గంటల్లోపు ఏ మాత్ర వేసుకోవాలో వాళ్లలో చాలామందికి, హాస్టళ్లలో ఉండి డిగ్రీ చదివే పిల్లలకంటే బాగా తెలుసు. వాళ్లు వైద్యం కోసం పోవడం లేదన్నది కూడా నిజం కాదు. వాళ్లు పోతారు, డబ్బులిచ్చి మరీ పోతారు. కాకపోతే పోయేది నా వంటివాడి దుకాణానికి, ఆర్‌ఎంపీ దగ్గరికి, ‘ఫలానా తారీకున ఫలానా లాడ్జీలో డాక్టరు గారు స్వయంగా చూస్తారు’ అని గోడల మీద అంటించుకునే వాళ్ల దగ్గరికి. సర్కారు దవాఖానలో ఉచితంగా దొరికే దానికి వీళ్లు ఎందుకు డబ్బులు పోస్తున్నారన్నదే అడగవలసిన ప్రశ్న. నాకు తోచిన జవాబు ఒక్కటే. మేము ముగ్గురమూ ఎవరినీ రేపు రమ్మనం.

వాళ్లు రోగం పేరు చెప్పరు. ‘అన్నా, వేడి చేసింది’ అంటారు. మొదట్లో నేను నిజంగానే ఒంటి వేడి అనుకొని గ్లూకోజ్ పొట్లం చేతిలో పెట్టిన రోజులున్నాయి. తరువాత తెలిసింది, ఆ ఒక్క మాటలో మూత్రం పోస్తుంటే మంట, చీము కారడం, పుండు, గజ్జల్లో గడ్డ అన్నీ ఇమిడి ఉంటాయని. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. గనేరియా అనే సుఖవ్యాధికి మన పాత తెలుగు మాట ‘సెగ’ కదా. ఆడపిల్లలు అసలు కౌంటరు దాకా రారు. దుకాణానికి ఎదురుగా ఉన్న ఛాయ్ బండి దగ్గర నిలబడి, ఎవరినో ఒక కుర్రాణ్ణి పంపిస్తారు. వాడు చీటీ మీద రాసుకొచ్చిన మాటను చూపిస్తాడు తప్ప నోటితో పలకడు. ఆ చీటీలో ‘తెల్లబట్ట’ అని ఉంటుంది, లేదా ‘డేటు రాలే’ అని ఉంటుంది.

ఇక్కడ నా తప్పు నేను చెప్పుకోవాలి. చాలా ఏళ్లు నేను ఆ ‘వేడి’కి మాత్రలు అమ్మాను. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులే అవి. సెఫిక్సిమ్ అయితే 2014 మార్చి నుంచి హెచ్‌1 పట్టికలో ఉంది, అంటే ఎవరు రాశారో, ఎవరికి అమ్మానో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. నేను ఆ రిజిస్టరులో ఏం రాశానో ఇక్కడ చెప్పను, ఊహించుకోగలరు. వాడి దగ్గర నలభై రూపాయలుంటే నలభై రూపాయలకు వచ్చినన్ని మాత్రలు కత్తిరించి ఇచ్చేవాణ్ణి, దాన్ని దయ అనుకునేవాణ్ణి. సగం మోతాదు వేసుకుంటే మంట రెండు రోజులు తగ్గుతుంది, క్రిమి చావదు, పైగా మందుకు అలవాటు పడుతుంది. ఒకప్పుడు గనేరియాకు బ్రహ్మాస్త్రం అనుకున్న సిప్రోఫ్లాక్సాసిన్ ఈ రోజు దాని ముందు పనికిరాకుండా పోవడంలో ప్రపంచమంతటా నా వంటి కత్తెరల పాత్ర ఎంతో ఉంది. అంతకంటే ఘోరం సిఫిలిస్ విషయంలో జరుగుతుంది. దాని మొదటి పుండు నొప్పి పెట్టదు, మందు వేసినా వేయకపోయినా కొన్ని వారాల్లో దానంతట అదే మానిపోతుంది. నేనిచ్చిన మాత్రతోనే మానిందని వాడు అనుకుంటాడు, నేనూ అనుకున్నాను. రోగం మాత్రం ఒంట్లోనే ఉండి ఏళ్ల తరువాత నరాలకో గుండెకో ఎక్కవచ్చు, ఈలోపు వాడి భార్య కడుపులోని బిడ్డకూ అంటవచ్చు. దానికి కావలసింది బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షను, దానికి ముందు ఒక చిన్న రక్తపరీక్ష. ఆ రెండూ నా దుకాణంలో జరిగేవి కావు.

అందుకని ఏడేళ్ల కిందట అమ్మడం మానేసి, వచ్చినవాణ్ణల్లా దవాఖానకు పొమ్మని చెప్పడం మొదలుపెట్టాను. నా మనస్సాక్షి శుభ్రపడిందే తప్ప వాళ్ల రోగం కాదని ఒక కుర్రాడి వల్ల తెలిసింది. పందొమ్మిదేళ్లుంటాయి. క్యాటరింగ్‌లో గిన్నెలు కడిగేవాడు. ‘సబ్జా గింజలు నానబెట్టి తాగినా తగ్గుతలేదన్నా’ అని వచ్చాడు. నగరంలోని ఒక ఆసుపత్రికి పంపాను. మరునాటి రాత్రి వచ్చి, తాను పోయేసరికి ఓపీ చీటీలు ఇవ్వడం అయిపోయిందని, రేపు రమ్మన్నారని చెప్పాడు. రాత్రి రెండింటి దాకా గిన్నెలు కడిగి పొద్దెక్కేదాకా నిద్రపోయేవాడికి మధ్యాహ్నానికి మూసే ఓపీ అందదు. రెండో రోజు పని ఎగ్గొట్టి పొద్దున్నే పోతే ఆధార్, ఫోను నంబరు అడిగారట. ఆధార్ ఊళ్లో ఉంది, ఊరు విడిచి మూడేళ్లు. ఫోను పోయిన నెలలో స్టేషనులో పోయింది. ఎవరి ఫోనైనా పట్టుకొని రేపు రమ్మన్నారు. మూడో రోజు ఛాయ్ బండి అతని నంబరు ఇచ్చి చీటీ సంపాదించాడు. చర్మవ్యాధుల డాక్టరు సెలవులో ఉన్నారు, రేపు రా. నాలుగో రాత్రి వాడు నా దగ్గరికి రాలేదు. వాడి మేస్త్రీని అడిగితే ‘వాడా, నాగపూర్ బండెక్కిండు’ అన్నాడు. ఆ ఆసుపత్రిలో ఎవరూ వాణ్ణి తిట్టలేదు, వెళ్లగొట్టలేదు. అది గుర్తుంచుకోవాలి. మూడు సార్లూ మామూలు గొంతుతోనే చెప్పారు.

ఇల్లున్న మనిషికి ‘రేపు’ అనేది ఒక రోజు తరువాత వచ్చే రోజు. స్టేషనులో బతికే కుర్రాడికి అది వేరే ఊరు కావచ్చు, రైల్వే పోలీసుల గది కావచ్చు, మత్తు కోసం వైటనర్ పీల్చి పడిపోయిన మధ్యాహ్నం కావచ్చు. మూడు రేపులు కలిస్తే డెబ్బై రెండు గంటలు. వైద్యంలో ఆ అంకెకు ఒక అర్థం ఉంది. హెచ్‌ఐవీ సోకే ప్రమాదం జరిగిన తరువాత దాన్ని ఆపగలిగే మందులను డెబ్బై రెండు గంటల్లోపు, వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే, మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అత్యాచారానికి గురైనవాళ్లకు ఇది అందుబాటులో ఉండాలి. స్టేషను పరిసరాల్లో అత్యాచారానికి గురయ్యేది ఆడపిల్లలే కాదు, మగపిల్లలు కూడా అన్నది ఇక్కడ ఛాయ్ అమ్మేవాళ్లందరికీ తెలిసిన రహస్యం. పద్దెనిమిది నిండనివాడైతే పోక్సో చట్టం వాణ్ణి కూడా బాధితుడిగానే చూస్తుంది. పంతొమ్మిదేళ్లవాడైతే ఇప్పుడు అత్యాచార చట్టంలో వాడికి చోటే లేదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అత్యాచారం సెక్షన్ స్త్రీలకే పరిమితం, మగవాడి మీద జరిగిన అలాంటి నేరానికి పాత శిక్షాస్మృతిలో ఉన్న 377వ సెక్షన్‌కు బదులుగా ఏదీ పెట్టలేదు. ఏ కేసు కింద వచ్చావని అడిగితే చెప్పుకోలేనివాడు ఏ వార్డుకు పోవాలి?

విచిత్రమేమిటంటే, ‘రేపు’ అనే మాట ఈ రోగుల విషయంలో పనికిరాదని మన ప్రభుత్వ వైద్య విధానానికి ఎప్పటినుంచో తెలుసు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ సుఖవ్యాధులకు రంగుల కిట్లు తయారుచేసింది. ల్యాబ్ రిపోర్టు కోసం ఎదురుచూడకుండా, లక్షణాలను బట్టి, వచ్చిన మొదటిసారే మందు చేతికివ్వాలన్నది ఆ పద్ధతి ఆలోచన. మూత్రనాళంలోంచి చీము కారేవాడికి బూడిదరంగు కిట్టు, అందులో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, రెండూ అక్కడికక్కడే ఒక్క మోతాదుగా మింగేవి. పుండుకు తెల్ల కిట్టు, అందులో పెన్సిలిన్ ఇంజెక్షను. నీటి పొక్కులకు ఎర్రది, ఆడవాళ్ల పొత్తికడుపు నొప్పికి పసుపుది. అక్షరాలు చదవలేని నర్సింగ్ ఆయా కూడా తప్పు పొట్లం ఇవ్వలేనంత జాగ్రత్తగా ఆలోచించి చేసిన పని అది. అన్ని రోగాలూ లక్షణాలతో బయటపడవు, ముఖ్యంగా ఆడపిల్లల్లో క్లమీడియా అనే సుఖవ్యాధి చాలాసార్లు ఏ గుర్తూ చూపదు కాబట్టి ఈ పద్ధతికీ లోపాలున్నాయి. అయినా, మళ్లీ రాని మనిషిని దృష్టిలో పెట్టుకొని తయారైన వైద్యం ఇది. సర్కారు దవాఖానలో సురక్ష క్లినిక్ అనే బోర్డున్న గదిలో ఆ కిట్లు ఉన్నాయి. ఆ గదికి, బయటి గేటుకు మధ్య ఉన్న నాలుగు కౌంటర్లు మాత్రం మళ్లీ మళ్లీ రాగలిగే మనిషి కోసం కట్టినవి. సుఖవ్యాధికి మందు ఇవ్వాలంటే ఆధార్ ఉండి తీరాలని చెప్పే చట్టమేదీ లేదు. కౌంటరు అలవాటు ఉంది, అంతే.

ఇంకొక అడ్డు ఉంది, అది మర్యాదస్తుల కంటికి కనిపించదు. ఎయిడ్స్ నియంత్రణ పథకంలో బయటికి వెళ్లి మనుషులను వెతికి తెచ్చే పని స్వచ్ఛంద సంస్థల చేత చేయిస్తారు. వాళ్లు వెతికేది కొన్ని వర్గాల వాళ్లనే. సెక్స్ వర్కర్లు, మగవాళ్లతో సంబంధం పెట్టుకునే మగవాళ్లు, ట్రాన్స్‌జెండర్లు, సూదితో మత్తు తీసుకునేవాళ్లు, వీళ్లతో పాటు లారీ డ్రైవర్లు, వలస కూలీలు. ఈ పని ఎంతో మందిని బతికించింది, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కాని ఆ జాబితాలో ‘ఇల్లు లేని పిల్లవాడు’ అనే గడి లేదు. స్టేషనులో ఉన్న పదిహేడేళ్ల కుర్రాడు ఒక రాత్రి అన్నం కోసం ఎవరితోనో పోతాడు, ఇంకో నెల తన వయసు అమ్మాయిని ప్రేమిస్తాడు, మధ్యలో మేస్త్రీ వాణ్ణి వాడుకుంటాడు. వాణ్ణి ఏ గడిలో రాస్తారు? ఏదో ఒక గడిలో తన పేరు రాయించుకుంటే తప్ప సేవ దొరకదంటే, వాడు ఆ పేరు కంటే రోగాన్నే ఎంచుకుంటాడు. పది నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్ల కోసం 2014 జనవరిలో మొదలైన కిశోర ఆరోగ్య కార్యక్రమం బడి దారిన, అంగన్‌వాడీ దారిన, ఆశా కార్యకర్త దారిన పోతుంది. ఆ మూడూ స్టేషను దాకా రావు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన విషయానికి వస్తాను. పద్దెనిమిది నిండని పిల్లవాడు సుఖవ్యాధితో వస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆ సంగతి పోలీసులకు తెలియజేయాలి. డాక్టరే కాదు, తెలిసిన ఎవరైనా, అంటే కౌంటరు వెనక ఉన్న నేను కూడా. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. చట్టం దృష్టిలో ఆ వయసులో సమ్మతి లేదు కాబట్టి, ప్రేమించినవాడు, పాడుచేసినవాడు ఒకటే. హెచ్‌ఐవీ పరీక్షకూ పద్దెనిమిది నిండనివాడి తరఫున తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. స్టేషను పిల్లలకు ఈ సెక్షన్ల నంబర్లు తెలియవు గాని, ‘డాక్టరుకు చెప్తే పోలీసు వస్తడు, పోలీసు వస్తే హోముకు పంపుతరు’ అన్న సారాంశం ఒకరి నుంచి ఒకరికి అంది ఉంది. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు పిల్లలను వెతికే నెలల్లో నా దుకాణానికి ఈ గిరాకీ పూర్తిగా ఆగిపోతుంది. ఆగస్టులో వచ్చేసరికి రోగం ఒక నెల ముదిరి ఉంటుంది.

అయితే ఫిర్యాదు బాధ్యతను ఎత్తేయమందామా? నేను అనను. ఈ విషయంలో నగరాల్లో చదువుకున్న మిత్రులతో నాకు పేచీ ఉంది. బ్రిటన్‌లో పదహారేళ్లు నిండని వాళ్లకు తగిన అవగాహన ఉంటే గర్భనిరోధక సలహాకు తామే సమ్మతించవచ్చని 1985లోనే అక్కడి అత్యున్నత న్యాయపీఠం తీర్పు ఇచ్చింది, అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ సుఖవ్యాధుల చికిత్సకు మైనర్లు తామే సమ్మతి ఇవ్వవచ్చు, మనమూ అలాగే చేయాలి అని వాళ్లు వాదిస్తారు. కాలేజీ ప్రేమల విషయంలో ఆ వాదానికి బలం ఉంది. కాని నా కౌంటరు ముందుకు వచ్చే పద్నాలుగేళ్ల వాడి రోగం వెనక చాలాసార్లు ఒక పెద్దమనిషి ఉంటాడు, వాడు రేపు ఇంకొక పిల్లవాణ్ణి వెతుక్కుంటాడు. ఆ పెద్దమనిషిని కాపాడే గోప్యత నాకు వద్దు. 2023లో లా కమిషన్ తన 283వ నివేదికలో సమ్మతి వయసును పద్దెనిమిది నుంచి తగ్గించవద్దని చెప్పినప్పుడు, స్టేషను దగ్గర ఉన్నవాడిగా నాకు అందులో తప్పు కనిపించలేదు.

నేను అడిగేది వరుస మార్చమని. ముందు మందు, తరువాత కాగితం. ఇది నా కోరిక మాత్రమే కాదు. 2020 నాటి పోక్సో నియమాలలోనే ఆ మాట ఉంది. అత్యవసర వైద్యం ఇవ్వడానికి ముందు ఏ డాక్టరూ, ఏ ఆసుపత్రీ పోలీసు ఉత్తరువో, మెజిస్ట్రేటు ఉత్తరువో, ఇంకేదైనా పత్రమో అడగరాదని, ఆ వైద్యంలో సుఖవ్యాధులు, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు, గర్భం రాకుండా ఇచ్చే మాత్రలు కూడా ఉంటాయని ఆ నియమాలు చెబుతున్నాయి. మా ప్రాంతంలో దీన్ని తిరగేసి పాటిస్తారు. మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు చెప్పవలసిన కేసు, అన్న ముద్ర పడగానే ముందు పోలీసు స్టేషనుకు పోయి రమ్మంటారు. ఇక సమ్మతితో జరిగినదని పిల్లలే చెప్పే సందర్భాలకు, సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న గర్భస్రావం విషయంలో చూపించిన దారి ఉంది. మైనరు, ఆమె సంరక్షకులు కోరితే, డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు వెల్లడించనక్కర లేదని ఆ తీర్పు చెప్పింది. కడుపు తీయించుకోవడానికి వచ్చిన అమ్మాయికి వర్తించే ఆ మినహాయింపు, మంట తగ్గించుకోవడానికి వచ్చిన అబ్బాయికి ఎందుకు వర్తించకూడదు? సంరక్షకులు కోరాలన్న మాట దగ్గర మన స్టేషను పిల్లవాడు మళ్లీ చిక్కుకుంటాడు నిజమే. ఇల్లులేని బిడ్డను ఇరవై నాలుగు గంటల్లో ముందుంచవలసిన బాలల సంక్షేమ సమితి ఉంది కదా, ఆ సంతకం అది పెట్టవచ్చు. ఆ సమితి సభ్యుల్లో ఒకరు వారానికి ఒక సాయంత్రం స్టేషనుకు వచ్చి కూర్చుంటే చాలు.

ముందు వీళ్లను వసతి గృహాల్లో చేర్చండి, ఆరోగ్యం సంగతి ఆ తరువాత చూడవచ్చు అనేవాళ్లూ ఉన్నారు. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక వసతి గృహం ఉండాలన్న లెక్క ప్రకారం, ఎనిమిది లక్షలు దాటిన ఈ నగరంలో ఎనిమిది ఉండాలి. అవన్నీ కట్టి, వాటిలోకి వీళ్లు వచ్చి, నిలదొక్కుకునేదాకా గనేరియా ఆగుతుందా? అదీ కాక ఇల్లు లేకపోవడమే మందును ఎలా పాడుచేస్తుందో చూస్తే ఈ రెండు పనులనూ విడదీయలేమని తెలుస్తుంది. కొన్ని రోగాలకు డాక్సీసైక్లిన్ పద్నాలుగు రోజులు, రోజుకు రెండు చొప్పున ఇరవై ఎనిమిది మాత్రలు వేసుకోవాలి. ఇరవై ఎనిమిది మాత్రలు ఎక్కడ పెట్టుకోవాలి? తల కింద పెట్టుకున్న సంచిని ఎవరో ఒకరు లాగేస్తారు, వానకు తడుస్తాయి, పోలీసు సోదాలో పారేస్తారు. రెండేళ్ల కిందట ఒక కుర్రాడు తన మాత్రల పట్టీ నా కౌంటరు మీద పెట్టి, ‘అన్నా, ఇది నీ తాననే ఉండనీ, నేనొచ్చి ఏసుకుంట’ అన్నాడు. రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చి నా ముందే ఒకటి మింగి, తెల్లారి వేసుకోవలసినదాన్ని కాగితంలో చుట్టుకొని పోయేవాడు. పద్నాలుగు రోజుల్లో పన్నెండు రోజులు వచ్చాడు. క్షయ వైద్యంలో మనుషుల ముందే మందు మింగించే పద్ధతిని ఈ దేశం ఎప్పుడో నేర్చుకుంది. నేనేమీ కొత్తది కనిపెట్టలేదు, ఒక సొరుగు ఖాళీ చేశాను. ఆ సొరుగులో ఇప్పుడు ఐదు పట్టీలున్నాయి. వాటిలో ఒకటి హెచ్‌ఐవీకి వాడే ఏఆర్‌టీ మందు. ఆ మాత్ర వేసుకునే అమ్మాయి పేరు మీద నేను వేరే పేరు రాశాను.

పిల్లల చేతికి నిరోధ్ ఇస్తే చెడిపోతారన్న వాదనకు జవాబు రాయడానికి నాకు ఓపిక లేదు. ప్లాట్‌ఫారం మీద పడుకునేవాడు ఏ విషయంలో ఇంకా చెడిపోకుండా మిగిలాడో ముందు వాళ్లు చెప్పాలి.

ఏం చేయవచ్చో మాత్రం చెప్పగలను. రెండేళ్లకోసారి మేడారం జాతరకు తాడ్వాయి అడవిలో నాలుగు రోజుల కోసం దవాఖాన వెలుస్తుంది. డాక్టర్లు, మందులు, అంబులెన్సులు అన్నీ జనం ఉన్న చోటికి, జనం ఉన్న వేళకు పోతాయి. అమ్మవార్ల గద్దెల దగ్గర ఎవరినీ ఆధార్ అడిగి కట్టు కట్టరు. అంత పని చేయగల యంత్రాంగం కాజీపేట స్టేషను బయట వారానికి రెండు సాయంత్రాలు, ఏడు నుంచి పది దాకా, ఒక బల్ల వేయలేదంటే నమ్మడం కష్టం. బల్ల మీద రంగుల కిట్లు, అరగంటలోపు ఫలితం చెప్పే రక్తపరీక్షలు, ఒక నర్సు, ఒక కౌన్సెలరు, పేరు బదులు ఒక నంబరు. బోర్డు మీద ‘సుఖవ్యాధులు’ అని ఉండకూడదు, దగ్గు, గజ్జి, కాలి పుండు అన్నీ చూడాలి, లేకపోతే బల్ల ముందు నిలబడ్డవాడి రోగం ఊరంతటికీ తెలుస్తుంది. కౌన్సెలరు స్టేషనులోనే పెరిగి బయటపడ్డ వాళ్లలో ఒకరైతే మరీ మంచిది. నా వంటి మందుల దుకాణాల వాళ్లను నేరస్థులుగానో సాధువులుగానో చూడకుండా, పేరు లేని ఒక చీటీ పుస్తకం ఇస్తే, చీటీ పట్టుకుపోయినవాణ్ణి వరుసలో నిలబెట్టకుండా నేరుగా సురక్ష గదికి పంపే ఏర్పాటు చేస్తే, ఈ ఊళ్లో కత్తిరించి అమ్మే మాత్రల్లో సగం ఆగుతాయి. 1097కు ఫోను చేస్తే ఎయిడ్స్ గురించి ఉచితంగా చెబుతారని నా అద్దం మీద అంటించాను. దాన్ని చూసి ‘ఫోనేది?’ అని నవ్విన కుర్రాళ్లే ఎక్కువ.

ఇవేవీ ఇంకా జరగలేదు కాబట్టి పోయిన ఏడాది నుంచి నేను వేరే పని చేస్తున్నాను. పద్దెనిమిది దాటినవాడు ఎవరైనా ‘వేడి’ అని వస్తే, మరునాడు పొద్దున దుకాణం మా తమ్ముడికి అప్పగించి వాడితో పాటు దవాఖానకు పోతున్నాను. మొదటిసారి పోయినప్పుడు నలభై నిమిషాల్లో అంతా అయిపోయింది. చీటీ దొరికింది, నా ఫోను నంబరు రాసుకున్నారు, డాక్టరమ్మ చూసింది, బూడిదరంగు పొట్లంలోని మాత్రలు అక్కడే మింగించారు, రక్తం తీశారు, నీతో ఉండే అమ్మాయికి కూడా ఇవ్వు అని రెండో పొట్లం చేతిలో పెట్టారు. ఎవరూ రేపు రమ్మనలేదు. అదే కౌంటరు, అదే గుమాస్తా. తేడా ఏమిటంటే పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న నడివయసు మనిషి ఒకడు ఉన్నాడు.

‘మీరేమవుతారు?’ అని గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు. నాకు ఏం చెప్పాలో తోచక మేనమామనని చెప్పాను. ఆ రిజిస్టరులో ఇప్పటికి నేను నలుగురికి మేనమామను. అందులో ఒకడిది బీహారులోని సమస్తిపూర్. ఆ రోజు గుమాస్తా ఊరి పేరు రాసి, మొదటిసారి తలెత్తి నా ముఖం చూసి, ఏమీ అనకుండా మళ్లీ తల దించుకొని చీటీ చింపి ఇచ్చాడు.